ఒకే లక్షణం వెనుక మూడు జబ్బులు: మా పాత కారుతో నా అనుభవం

మా కారు 2010 మోడల్ పెట్రోల్ బండి. జిల్లాలో ఏపీ 24 నంబరు ప్లేటుతో ఇంకా తిరుగుతున్న పాత బండ్లలో అదీ ఒకటి. నల్లగొండలో ఉంటూ కనగల్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే నేను దాన్ని 2017లో బంధువుల దగ్గర కొన్నాను. ఇంజన్ ఆయిలు, టైర్లు, ఒక క్లచ్ ప్లేటు తప్ప ఏడేళ్లపాటు పెద్ద ఖర్చేమీ పెట్టించని ఆ బండి, 2025 ఫిబ్రవరి మొదలు జూన్ వరకు నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండే గడువు కూడా ఆ నవంబరులోనే ఉండడంతో, డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలా లేక తుక్కు కింద అమ్ముకోవాలా అన్నది కూడా ఈ స్టార్టింగ్ సమస్య తేలితే తప్ప తేలని విషయమైంది.

మొదట కనిపించిన లక్షణం చాలా మామూలుది. ఒక పెళ్లికని మూడు రోజులు బస్సులో ఊరికి వెళ్లి వచ్చిన మరునాడు పొద్దున్నే తాళం తిప్పితే బానెట్ కింద 'టక్' అని ఒక్క చప్పుడు వచ్చి, మీటరు దగ్గరి దీపాలన్నీ మసకబారాయి. ఇరుగుపొరుగు పిల్లలు తోస్తే రెండో గేరులో ఇంజన్ అందుకుంది. నేరుగా బ్యాటరీ దుకాణానికి తీసుకువెళ్లాను. "మూడేండ్లయింది సార్ ఈ బ్యాటరీ ఏసి, ఇగ మార్చుడే" అన్నాడు దుకాణదారు. వేసవి ఎండలకు మా ప్రాంతంలో బ్యాటరీలు మూడు నాలుగేళ్లకే చేతులెత్తేయడం నాకూ తెలుసు కనుక మారు మాట్లాడకుండా నాలుగు వేల పైచిలుకు పెట్టి 35 ఆంపియర్-అవర్ల కొత్త బ్యాటరీ వేయించుకున్నాను. పాత బ్యాటరీని పరీక్షించమని అడగాలన్న ఆలోచనే రాలేదు.

రెండు వారాలు గడవకముందే శనివారం మధ్యాహ్నం నిలిపిన బండి మంగళవారం పొద్దున మళ్లీ 'టక్' అంది. ఈసారి మెకానిక్ దృష్టి సెల్ఫ్ మోటారు మీదికి వెళ్లింది. దాన్ని విప్పి, కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు మార్చి, పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. బ్రష్‌లు నిజంగానే అరిగి ఉన్నాయి, అందులో మోసమేమీ లేదు. అయినా వారం తిరిగేసరికి కథ మొదటికి వచ్చింది. అప్పుడు ఒక సహోద్యోగి చెప్పిన చిట్కా పట్టుకుని, రాత్రిపూట పది నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కన పెట్టడం, పొద్దున మళ్లీ బిగించడం అలవాటు చేసుకున్నాను. దానితో ఉదయం పూట బండి ఠంచనుగా లేవసాగింది. సమస్య తీరిందనే అనుకున్నాను. నిజానికి మరో జబ్బుకు సాక్ష్యాన్ని ప్రతి రాత్రీ నా చేతులతో నేనే చెరిపేస్తున్నానని తెలియడానికి ఇంకా రెండు నెలలు పట్టింది.

ఉగాదికి ముందు అమావాస్యనాడు కుటుంబంతో చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి వెళ్లాం. అమావాస్య రద్దీలో మొదటి గేరులో నత్తనడకన సాగి, గుట్ట కింద బండి నిలిపి, అర్ధగంటలోపే పాప మరిచిపోయిన నీళ్ల సీసా కోసం తిరిగి వచ్చి, ఎందుకైనా మంచిదని ఒకసారి తాళం తిప్పి చూశాను. సెల్ఫ్ చురుగ్గా తిరిగింది, కానీ ఇంజన్ అందుకోలేదు. పదిసార్లు కొట్టినా అంతే. చుట్టూ చేరినవారిలో ఒకరు పెట్రోల్ పంపు పోయిందన్నారు, మరొకరు ఇంజెక్టర్లు మూసుకుపోయాయన్నారు. దర్శనం ముగించుకుని రెండు గంటల తర్వాత వచ్చి తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ లేచింది. ఇంజన్ గుర్తుతో పసుపు దీపం మాత్రం ఇల్లు చేరేదాకా వెలుగుతూనే ఉంది. ఆ రాత్రి యథాప్రకారం టెర్మినల్ విప్పాను. మరునాడు బిగించి చూస్తే దీపం లేదు. దానంతటదే బాగైందని సంతోషించాను కూడా.

ఆ తర్వాత నలుగురు నాలుగు రకాల సలహాలిచ్చారు. పెట్రోల్ పంపు మారిస్తే ఆరు వేలు, ఇంజెక్టర్లు కడిగిస్తే పదిహేను వందలు. రోడ్డు మీద కలిసిన ఒక మెకానిక్ అయితే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పని చేస్తున్నదో లేదో చూద్దామని, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకబోయాడు. అంబాసిడర్ల కాలం నాటి ఆ పరీక్ష ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, ఉన్న బండ్లకు పనికిరాదు. బ్యాటరీ ఆసరా ఉన్నట్టుండి తొలగిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగసి ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చివేయగలదు. వద్దని గట్టిగా చెప్పి ఆపించాను. డబ్బు పెట్టే ముందు కనీసం జబ్బేమిటో రాసుకుని చూద్దామన్న బుద్ధి నాకు ఆ రోజు పుట్టింది.

పాఠ్య ప్రణాళిక రాసుకునే పాత నోటుబుక్కు వెనుక పేజీలలో, బండి మొరాయించిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయసాగాను: ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, బండి ఎంతసేపు నిలిచి ఉంది, సెల్ఫ్ చప్పుడు ఎలా ఉంది, ఏ దీపాలు వెలిగాయి. మూడు వారాలకు పదకొండు నమోదులు పోగయ్యాయి. 'స్టార్ట్ కావడం లేదు' అని నేను ఒకే మాటగా అందరికీ చెబుతూ వచ్చినది ఒక్క జబ్బు కాదని వాటిని చదువుకుంటేనే అర్థమైంది. టెర్మినల్ విప్పకుండా రెండు మూడు రోజులు వదిలేస్తే 'టక్' మని ఆగిపోవడం ఒకటి. బ్యాటరీ నిండుగా ఉండి, హెడ్‌లైట్లు ధగధగలాడుతున్నా సెల్ఫ్ 'గుర్...గుర్' మని ఈడ్చుకుంటూ తిరగడం, అదే సమయంలో స్టీరింగ్ దీపం వెలిగి ఆరడం రెండోది. వేడెక్కిన ఇంజన్‌ను ఆపి పది ఇరవై నిమిషాలకు మళ్లీ తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ బాగానే తిరిగినా ఇంజన్ అందుకోకపోవడం మూడోది. సెల్ఫే తిరగకపోవడానికీ, తిరిగినా ఇంజన్ అందుకోకపోవడానికీ కారణాలు పూర్తిగా వేరు. మొదటిది బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ మోటారు పరిధిలోనిది. రెండోది పెట్రోలు, నిప్పురవ్వ, వాటిని నడిపించే సెన్సర్ల పరిధిలోనిది. ఈ తేడా తెలియక నేను చెప్పిన అరకొర మాట మీదే మెకానిక్కులు తలా ఒక భాగం మార్చుకుంటూ పోయారు. తప్పు వాళ్లది అనడానికి నాకు నోరు రాలేదు.

క్లాక్ టవర్ దగ్గరి ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో ఆరు వందలకు మల్టీమీటర్ కొన్నాను. ఆదివారం పొద్దున ఇంటర్ చదివే మా అబ్బాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్ బ్రేక్ వేయించి, ఇంజన్ లేవకుండా సెల్ఫ్ మాత్రమే తిరిగేలా పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. రాత్రంతా నిలిచిన బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. నిండు బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి కనుక అది బాగున్నట్టే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ కొసల మధ్య 10.6 ఉంది. 9.6 కంటే కిందికి పడకపోతే బ్యాటరీని అనుమానించనక్కరలేదు. ఫ్యూజు తిరిగి పెట్టి ఇంజన్ నడిపిస్తే 14.1 చూపింది, ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 13.7 కంటే తగ్గలేదు. అంటే ఆల్టర్నేటర్ కూడా నిర్దోషి. బ్యాటరీ బలంగా ఉంది, సెల్ఫ్ మోటారు ఈ మధ్యనే బాగుచేయించినది, అయినా సెల్ఫ్ ఈడ్చుకుంటున్నది. మధ్యలో ఉన్న తీగల్లోనే ఎక్కడో దారి మూసుకుపోయిందన్నమాట.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. మీటరును బీప్ శబ్దం వచ్చే మీట మీద పెట్టి, విద్యుత్తు బ్యాటరీకి తిరిగి చేరే ఎర్త్ తీగ రెండు కొసలనూ తాకితే చక్కగా 'బీప్' అంది. తీగ బాగుందని తేల్చేసి ఒక వారం వృథా చేశాను. పదో తరగతి పిల్లలకు ఏటేటా ఓమ్ నియమం చెప్పే మనిషిని, అది నా సొంత బండికి వర్తిస్తుందని మరిచిపోయాను. మీటరు ఆ పరీక్షకు పంపేది అతి స్వల్పమైన విద్యుత్తు, సెల్ఫ్ మోటారు లాగేది సుమారు 150 ఆంపియర్లు. ఓమ్‌లో వెయ్యింట ఎనిమిది వంతుల నిరోధం ఉందనుకుంటే, బీప్ పరీక్షకు అది సున్నాయే. అదే నిరోధం మీదుగా 150 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. సన్నని దారిలో ఒక మనిషి నడవగలిగినంత మాత్రాన లారీ పోగలదని కాదు కదా. అందువల్ల తీగను విప్పి కాదు, సెల్ఫ్ తిరుగుతుండగా కొలవాలి. మీటరును 20 వోల్టుల మీట మీద పెట్టి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండో మొనను ఇంజన్ దిమ్మ మీది ఖాళీ ఇనుముకు ఆనించి, "కొట్టురా" అన్నాను. 1.3 వోల్టులు. ఉండవలసింది 0.2 లోపు. స్తంభం నుంచి కారు బాడీకి కొలిస్తే 0.1 మాత్రమే. మిగిలినదంతా బాడీకీ ఇంజన్‌కూ మధ్య పోతున్నది. నమ్మకం కుదరక, జంపర్ కేబుల్‌తో నెగటివ్ స్తంభాన్ని నేరుగా ఇంజన్ దిమ్మకు కలిపి మళ్లీ కొట్టించాను. కొత్త బండిలా గిర్రున తిరిగింది.

బాడీ నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే జడలాంటి రాగి పట్టీ బ్యాటరీ ట్రే కింద ఉంటుంది, పైనుంచి కనిపించదు. ట్రే విప్పి చూస్తే, ఏళ్ల తరబడి పాత బ్యాటరీ నుంచి కారిన ఆమ్లం తాకి, పట్టీ కొసన ఆకుపచ్చ చిలుము మందంగా పేరుకుని ఉంది. బోల్టు తిప్పగానే దాని కింది నుంచి తెల్లని పొడి రాలింది. వేలితో నొక్కితే రాగి పోగులు సగం పుటుక్కున తెగాయి. ఆ పట్టీ నా దగ్గర భద్రంగా ఉంది. విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు చూపిస్తాను. రెండు వందల యాభైకి కొత్త పట్టీ దొరికింది. బాడీ మీద రంగునూ తుప్పునూ గరుకు కాగితంతో తళతళలాడే ఇనుము కనిపించేదాకా రుద్ది, బిగించి, పైన వేజిలిన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.08. సెల్ఫ్ ఈడ్చుకోవడం, దానితోపాటు స్టీరింగ్ దీపం మిణుకుమిణుకుమనడం ఆ రోజుతో ఆగిపోయాయి. ఎర్త్ సరిగా లేనప్పుడు సెల్ఫ్ విద్యుత్తు వేరే దారులు వెతుక్కుంటుందనీ, గేరు కేబుల్ వంటి వాటి మీదుగా కూడా పారి వాటిని వేడెక్కిస్తుందనీ తర్వాత తెలిసింది.

రాత్రికి రాత్రి బ్యాటరీని తాగుతున్నది ఏదో కనిపెట్టడం అంత కష్టం కాలేదు. నెగటివ్ టెర్మినల్ విప్పి, స్తంభానికీ తీగకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీట మీద కలిపాను. తలుపు తెరిచి ఉంటే లోపలి దీపం వెలుగుతుంది కనుక తలుపు గడియను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు నమ్మించి, అరగంట ఆగాను. మీటరు 0.38 చూపింది. నిద్రపోయిన బండికి 0.05 దాటకూడదు. లెక్క వేస్తే రోజుకు తొమ్మిది ఆంపియర్-అవర్లకు పైగా. 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగో రోజుకు పూర్తిగా ఖాళీ అవుతుంది, మూడో రోజుకే సెల్ఫ్ తిప్పే సత్తువ పోతుంది. పెళ్లి నుంచి వచ్చిన నాటి ముచ్చట ఇదేనన్నమాట. ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ పోతే, స్టీరియో ఫ్యూజు తీయగానే అంకె 0.02కు పడింది. రెండేళ్ల కిందట పాటల మోజుతో పెట్టించిన ఆంప్లిఫయర్ ఆన్ తీగను బిగించినవాడు, తాళంతో పాటు ఆరిపోయే తీగకు కలపకుండా ఎప్పుడూ విద్యుత్తు ఉండే తీగకు కలిపాడు. ఆ ఒక్క తీగ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మొదటి బ్యాటరీ నిజంగా పోయిందో లేదో ఇప్పుడు చెప్పలేను, దాన్ని దుకాణంలోనే వదిలి వచ్చాను.

టెర్మినల్ బిగించి తాళం తిప్పగానే మా అబ్బాయి నవ్వాడు. "డాడీ, గడియారం మల్ల పన్నెండే చూపిస్తుంది. దీనికి రోజూ యాదిమరుపే" అన్నాడు. నిజమే, రెండు నెలలుగా రోజూ పొద్దున గడియారం సరిచేసుకోవడం మాకు అలవాటైపోయింది. అప్పుడు తట్టింది, గడియారంతోపాటు ఇంకేం మరిచిపోతున్నదోనని. పసుపు ఇంజన్ దీపం వెలిగినప్పుడు దానికి కారణమైన లోపం ఒక కోడ్‌గా ఈసీయూలో నమోదవుతుంది. మా బండి వంటి చాలా పాత బండ్లలో బ్యాటరీ తొలగిస్తే ఆ నమోదు తుడిచిపెట్టుకుపోతుంది. చెర్వుగట్టు నాటి కోడ్‌ను ఆ రాత్రే నేను పది నంబరు పానాతో చెరిపేశాను.

ఇక టెర్మినల్ విప్పవలసిన పని లేదు కనుక, స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి ఆ కోడ్‌లను ఫోన్‌లో చూసుకునే చిన్న ఓబీడీ పరికరాన్ని ఏడు వందలకు తెప్పించి బండిలోనే ఉంచుకుని, జబ్బు తిరగబెట్టడం కోసం ఎదురుచూశాను. మే రెండో వారంలో, ఎండ 44 డిగ్రీల దగ్గర మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం, హాలియా నుంచి తిరిగి వస్తుంటే ఈసారి నడుస్తున్న బండే ఆగిపోయింది. ఎర్రని బ్యాటరీ దీపం, ఆయిల్ దీపం, స్టీరింగ్ దీపం అన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగ్ బరువెక్కింది. ఎలాగో పక్కకు తీశాను. ట్రాక్టర్ మీద వెళ్తున్న ఒక పెద్దమనిషి ఆగి తొంగిచూసి "ఆయిల్ దీపం పడ్డది, ఇంజన్ సీజైనట్టున్నది సార్" అని నా గుండెల్లో రాయి వేశాడు. దిగి డిప్‌స్టిక్ చూస్తే ఆయిలు నిండుగా ఉంది. ఇంజన్ ఆగిపోతే ఆయిల్ ఒత్తిడి ఉండదు, ఆల్టర్నేటర్ తిరగదు. కనుక ఆ దీపాలు వెలగడం ఇంజన్ ఆగిన ఫలితమే తప్ప కారణం కాదు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ దీపం ఒక్కటే వెలిగి ఉంటే వెంటనే తాళం ఆపేయవలసిన ప్రమాదం, అది వేరే సంగతి.

ఫోన్ తెరిచి చూస్తే కోడ్ పీ0335 ఉంది, క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సర్) వలయంలో లోపం అని. కోడ్ చూపగానే ఆ భాగం కొనేయడం కూడా పొరపాటే, తీగ తెగినా అదే కోడ్ వస్తుంది. అందుకని ఫోన్‌లో ఇంజన్ వేగం అంకె కనిపించే తెర తెరిచి సెల్ఫ్ కొట్టాను. సెల్ఫ్ తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నా అంకె సున్నా దగ్గరే నిలిచింది. తాళం తిప్పగానే వెనుక సీటు కింద పెట్రోల్ పంపు రెండు క్షణాలు 'జుయ్' మనడం మాత్రం వినిపించింది. అంటే ఇంజన్ తిరుగుతున్న సంగతే ఈసీయూకు తెలియడం లేదు. తెలియనప్పుడు అది పెట్రోలూ వదలదు, నిప్పురవ్వా పుట్టించదు. సెన్సర్ మీద తడిగుడ్డ వేసి, సీసాలోని నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ పావుగంట కూర్చున్నాను. మళ్లీ సెల్ఫ్ కొడితే తెర మీద 240 కనిపించింది, ఆ వెంటనే ఇంజన్ అందుకుంది. ఎండలో చెమటలు కారుతున్నా నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

సెన్సర్ మార్పించడానికి దేవరకొండ రోడ్డులోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లాను. అరవై దాటిన మనిషి, అందరూ భాయ్ అంటారు. నా నోటుబుక్కు చూపిస్తే కళ్లజోడు సవరించుకుని మూడు పేజీలూ చదివాడు. ఆ తర్వాత పాత సెన్సర్ విప్పి, నా అనుమానం తీర్చడానికన్నట్టు బల్ల మీద పెట్టి మీటరు కలిపాడు. 550 ఓమ్‌లు చూపింది, చల్లగా ఉన్నప్పుడు దానికి రోగమే లేదు. తీగల తొడుగులు ముడుచుకునేలా చేసే వేడిగాలి గన్‌ను దాని మీదికి తిప్పి, "ఇగ మీటర్ జూడున్రి సార్" అన్నాడు. అంకె 600 దాటి, 640 చేరి, ఉన్నట్టుండి మాయమైంది. లోపల వెంట్రుకంత సన్నని తీగచుట్ట వేడికి వ్యాకోచించి ఎక్కడో విడిపోతున్నది. గన్ ఆపి ఊదితే కాసేపటికి అంకె తిరిగి వచ్చింది. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఫ్యాను గాలీ, తిరిగే నీళ్లూ వేడిని తగ్గిస్తాయనీ, ఆపిన తర్వాత బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుందనీ, అందుకే చెర్వుగట్టులో అరగంటకు లేవని బండి రెండు గంటలకు లేచిందనీ ఆయన చెప్పాడు. సెన్సర్‌కు పన్నెండు వందలు, చేతికూలి రెండు వందలు. కంపెనీది కాకుండా చవకది వేస్తే వచ్చే వేసవికి మళ్లీ తన దగ్గరకే రావలసి వస్తుందని ముందే హెచ్చరించాడు.

లెక్క చూసుకుంటే, జబ్బులు కుదిర్చిన పట్టీకీ సెన్సర్‌కూ అయినది పదహారు వందల యాభై, కొలిచే పరికరాలకు పదమూడు వందలు. అంతకుముందు ఊహల మీద పెట్టినది ఆరు వేల పైమాటే.

అక్టోబరులో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు బండిని రవాణా శాఖ కార్యాలయానికి తీసుకువెళ్లాను. ఎండలో గంటన్నర వరుసలో నిలబడి, ఇంజన్ బాగా వేడెక్కి ఉండగా ఇన్‌స్పెక్టర్ గారు ఆపి మళ్లీ స్టార్ట్ చేయమన్నారు. నాకు చేతులు చెమర్చాయి. ఒక్క సెల్ఫ్‌కే లేచింది. ఆయన దానిని పట్టించుకున్నట్టే లేదు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనుక టైర్లు అరిగాయనీ, మార్చుకుని రమ్మనీ చెప్పి పక్క బండి దగ్గరకు వెళ్లిపోయారు.